మొగుడైనా సరే చెప్పం

మా రిసెప్షన్‌కి ఫోన్ చేసే తెలుగువాళ్లకి ముఖ్యంగా రెండు విషయాల మీద కోపం వస్తుంది. ఒకటి, అపాయింట్‌మెంట్ దొరక్కపోవడం. రెండు, భార్య బ్లడ్ రిపోర్టు భర్తకు చెప్పకపోవడం. మొదటిదానికి నా దగ్గరే కాదు, బ్రిటన్ ప్రధానమంత్రి దగ్గర కూడా జవాబు లేదు. రెండోదానికి ఉంది. వెనక నలుగురు లైన్లో ఉండగా అది ఫోన్లో చెప్పేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నాది తెనాలి. ఉంటున్నది ఇంగ్లండ్‌లో, లండన్‌కి పడమరగా ఉన్న రెడింగ్‌లో. పనిచేసేది ఒక జీపీ సర్జరీలో. ఇక్కడ ఫ్యామిలీ డాక్టర్‌ని జీపీ అనీ, వాళ్ల క్లినిక్‌ని సర్జరీ అనీ అంటారు. జలుబు దగ్గర్నుంచి క్యాన్సర్ అనుమానం దాకా మొదటి గుమ్మం అదే. ప్రాణం మీదికి వస్తే తప్ప, పెద్దాసుపత్రిలో స్పెషలిస్టును చూడాలంటే సాధారణంగా జీపీ రాసి పంపాల్సిందే. మొదట్లో ముందు బల్ల దగ్గర కూర్చునేదాన్ని. ఇప్పుడు ఎక్కువగా వెనక గదిలో రికార్డుల పని.

ముందు బల్ల దగ్గర తరచూ జరిగే సంభాషణ ఇలా ఉంటుంది.

"అక్కా, తెలుగువాళ్లేనా? హమ్మయ్య. మా ఆవిడ థైరాయిడ్ రిజల్ట్ వచ్చిందేమో కాస్త చూసి చెప్తారా?"

"ఆవిణ్ని ఒకసారి ఫోన్ చెయ్యమనండి, చెప్తాను."

"తను మీటింగ్‌లో ఉందండీ. నేను వాళ్లాయన్నే."

"కాదనడం లేదండీ. అయినా ఆవిడే అడగాలి."

"మనవాళ్లయ్యుండి మీరు కూడా ఇలా అంటే ఎలా అక్కా!"

మన ఇళ్లలో ఆరోగ్యం సంగతులు చుట్టరికాన్ని బట్టి నడుస్తాయి. ఎంత దగ్గరివాళ్లయితే అంత తెలియాలి. తెలియకపోతే తప్పు పట్టుకుంటారు. ఇక్కడ చుట్టరికం లెక్కలోకి రాదు, పని ఉందా లేదా అన్నదే చూస్తారు. భర్తకు చెప్పని ఆ థైరాయిడ్ రిజల్టునే, రేపు ఆవిణ్ని ఆసుపత్రికి రాసి పంపాల్సివస్తే, ఆవిడ మొహం కూడా చూడని స్పెషలిస్టుకు పంపిస్తాం. ఆయనకు ఆవిడతో వైద్యం అనే పని ఉంది. పైగా ఆ పనికి ఎంత కావాలో అంతే పంపిస్తాం. సర్జరీలో నడిచే వ్యవహారమంతా ఈ ఒక్క సూత్రానికి వేలాడుతూ ఉంటుంది.

పుట్టుక నుంచి చావు దాకా ఒకే కవరు

గుంటూరులో డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మా అమ్మ చంకలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. ఎక్స్‌రేలు, ఈసీజీలు, పదేళ్ల నాటి చీటీలు అన్నీ అందులోనే. రికార్డు పేషెంటుదే, మోసే బాధ్యతా పేషెంటుదే. ఇంగ్లండ్‌లో పేషెంటు ఒట్టి చేతులతో వస్తాడు. రికార్డు ఉండేది మా దగ్గర.

నేను చేరినప్పుడు మా వెనక గదిలో ఇనప బీరువాల నిండా ఖాకీరంగు కవర్లు ఉండేవి. వాటిని లాయిడ్ జార్జ్ కవర్లు అంటారు. 1911లో కార్మికుల కోసం నేషనల్ ఇన్సూరెన్స్ చట్టం తెచ్చిన అప్పటి ఆర్థికమంత్రి పేరది. మనిషి ఇల్లు మారి కొత్త డాక్టర్ దగ్గర చేరితే ఆ కవరు కూడా వెనకే వెళ్లేది. 1950ల్లో ఒక పిల్లాడికి వచ్చిన గవదబిళ్లల సంగతి, ఆ పిల్లాడు తాతయ్యాక కూడా అందులో అప్పటి డాక్టర్ చేతిరాతలో కనిపిస్తుంది. ఇప్పుడు వాటిని స్కాన్ చేసేశారు. కొత్త రికార్డు మొత్తం కంప్యూటర్‌లోనే. చాలా సర్జరీల్లో ఈమిస్ గానీ సిస్టమ్‌వన్ గానీ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. పేషెంటు ఊరు మారితే రికార్డు కూడా ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి వెళ్లిపోతుంది. గుర్తు పట్టడానికి ప్రతి మనిషికీ ఎన్‌హెచ్‌ఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ, ఇచ్చే పది అంకెల నంబరు ఉంటుంది.

అందులో ఏముంటాయి? జబ్బులు, మందులు, పడని మందులు, టీకాలు, రక్తపరీక్షలు, ఆసుపత్రి ఉత్తరాలు. సిగరెట్ తాగుతారా, మందు తాగితే వారానికి ఎంత, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఏ భాషలో మాట్లాడతారు. వీటితోపాటు, తలుపు వేసుకున్నాక డాక్టర్‌తో ఏడుస్తూ చెప్పిన మాటలు కూడా. అబార్షన్, డిప్రెషన్, పెళ్లికి ముందు సంగతులు. చెప్పినవి ఇంటికి చేరతాయన్న భయం ఉంటే ఎవరూ డాక్టర్‌తో నిజం చెప్పరు. నిజం చెప్పకపోతే వైద్యం తప్పుతుంది. రహస్యం పాటించేది మర్యాద కోసం కాదు, వైద్యం సరిగ్గా జరగడం కోసం.

ఒక ఉత్తరం వెంట నడిచి చూద్దాం

అరవై దాటిన ఒక పెద్దాయన గుండె ఆసుపత్రికి వెళ్లొచ్చారనుకుందాం. అక్కడి డాక్టర్ రాసిన ఉత్తరం కంప్యూటర్లో మాకు చేరుతుంది. మొదట చూసేది నాలాంటి వాళ్లం. ఎన్‌హెచ్‌ఎస్ నంబరు, పుట్టిన తేదీ, అడ్రసు మూడూ సరిపోయాయో లేదో చూసి ఆయన రికార్డుకు జతచేస్తాం. ఉత్తరంలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని ఉంటే, అంటే గుండె లయ తప్పి కొట్టుకోవడం, దానికి స్నోమెడ్ సీటీ అనే పద్ధతిలో ఒక కోడ్ వేస్తాను. జబ్బు పేరు ఒక్కొక్కరూ ఒక్కోలా రాస్తే వెతకడం కష్టం కాబట్టి కోడ్. రక్తం గడ్డకట్టకుండా ఎపిక్సబాన్ మొదలుపెట్టమని రాసి ఉంటే, ఆ వాక్యం గుర్తుపెట్టి మా సర్జరీ ఫార్మసిస్టుకు పంపుతాను. ఆవిడ పెద్దాయన వయసు, బరువు, కిడ్నీ పరీక్ష చూసి మోతాదు సరిచూస్తుంది. జీపీ సంతకం పెడతారు, అదీ కంప్యూటర్లోనే. ప్రిస్క్రిప్షన్ ఆయన ఎంచుకున్న మందుల షాపుకి వెళుతుంది.

మందుల షాపుకి చేరింది ప్రిస్క్రిప్షనే, ఉత్తరం కాదు. సర్జరీకి డబ్బిచ్చే లెక్కల కోసం గుండె లయ జబ్బు ఉన్నవాళ్లు ఎంతమంది అన్న సంఖ్య పైకి వెళుతుంది, పెద్దాయన పేరు వెళ్లదు. అపాయింట్‌మెంట్ ఇచ్చే రిసెప్షనిస్టుకు ఆయన ఎందుకొస్తున్నారో కొంత తెలియాలి, చరిత్రంతా అక్కర్లేదు. ఒకే ఉత్తరాన్ని ఇంతమంది పట్టుకున్నా, ఎవరి పనికి ఎంత కావాలో అంతే.

ఇదంతా మంచితనం మీద వదిలేసింది కాదు. 1997లో ఫియోనా కాల్డికాట్ అనే సైకియాట్రిస్టు నాయకత్వంలో ఒక కమిటీ ఆరు సూత్రాలు ఇచ్చింది. ఎందుకు కావాలో తేల్చుకో, అవసరమైతేనే వాడు, కావలసినంతే వాడు, అన్నవి వాటిలో ముఖ్యమైనవి. 2013లో ఆవిడే ఏడోది కలిపారు: దాచడం ఎంత బాధ్యతో, వైద్యం కోసం పంచుకోవడమూ అంతే బాధ్యత. ఫలానాది ప్రైవసీ అని చెప్పి, పక్క డాక్టర్‌కి ఎలర్జీ సంగతి చెప్పకపోతే మనిషి ప్రాణానికే ముప్పు కదా.

అందుకే సమ్మరీ కేర్ రికార్డ్ అని ఒకటుంది. రెడింగ్ మనిషి మాంచెస్టర్‌లో గృహప్రవేశానికి వెళ్లి అక్కడ స్పృహతప్పి పడిపోతే, అక్కడి ఎమర్జెన్సీ డాక్టర్ ఆ మనిషి వాడుతున్న మందులు, పడని మందులు వెంటనే చూడగలరు. వద్దనుకుంటే ముందే మాకు చెప్పి ఆపించుకోవచ్చు. నన్నడిగితే ఆపించుకోవద్దనే అంటాను.

సర్టిఫికెట్ పుట్టినరోజు, అసలు పుట్టినరోజు

ఫోన్ ఎత్తగానే మేం అడిగేవి పేరు, పుట్టిన తేదీ, అడ్రసు. మాట్లాడుతున్నది అసలు మనిషేనా అని తేల్చుకోవడానికి. ఇక్కడ మనవాళ్లకి ఒక చిక్కుంది. ఇంటిపేరు ముందుంటుందో వెనకుంటుందో పాస్‌పోర్టుకొక రకం. ఇక పుట్టిన తేదీ రెండు. బళ్లో చేర్చేటప్పుడు హెడ్‌మాస్టారు రాసేసింది ఒకటి, అమ్మకు గుర్తున్నది ఇంకోటి. పెద్దవాళ్లు నిజాయితీగా అసలు తేదీ చెప్తారు. మా స్క్రీన్ మీద పాస్‌పోర్టు తేదీ ఉంటుంది. సరిపోదు. నాకు సంగతి అర్థమవుతుంది, పక్కనున్న ఇంగ్లీషు అమ్మాయికి కాదు. అందుకే చెప్తున్నాను, సర్జరీతో మాట్లాడేటప్పుడు సర్టిఫికెట్ తేదీయే చెప్పండి. ఒకే పేరు, ఒకే తేదీ ఉన్న ఇద్దరి రికార్డులు కలిసిపోతే ఒకరి ఎలర్జీ ఇంకొకరికి అంటుకుంటుంది.

ఇంట్లోవాళ్లకే ఎందుకు చెప్పం?

భర్త మంచివాడే అయ్యుంటాడు. నూటికి తొంభైమంది మంచివాళ్లే అనుకుందాం. ఫోన్లో గొంతు విని మిగతావాళ్లను ఎలా కనిపెట్టాలి? ఇక్కడ గర్భిణి మిడ్‌వైఫ్ దగ్గరికి వెళ్లినప్పుడు, ఒక్కసారైనా భర్తనీ అత్తగారినీ బయట కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా, భయపెడుతున్నారా అని అడుగుతారు. ఒకరిని అనుమానించి కాదు, అందరినీ అడుగుతారు. ఇంగ్లీషు రాని కోడలికి అత్తగారు మాట సాయం చేస్తానంటే, సున్నితమైన విషయాల్లో వద్దని ఫోన్లో తెలుగు దుబాసీని పిలుస్తారు. అత్తగారికి చిన్నతనంగా ఉంటుంది. కానీ ఆ పది నిమిషాల్లో ఆ పిల్ల నోరు విప్పుతుంది. అక్కడ చెప్పిన మాట సాయంత్రం భర్తకు మేం ఫోన్లో చదివి వినిపిస్తే ఇంకేముంది?

పిల్లల సంగతీ అంతే. చిన్నపిల్లల రికార్డు తల్లిదండ్రులు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. పదకొండేళ్లు వచ్చేసరికి చాలా సర్జరీలు ఆ దారి మూసేసి మళ్లీ ఆలోచిస్తాయి. పదహారు నిండని పిల్ల ఒంటరిగా వచ్చి గర్భనిరోధక మాత్రలు అడిగితే, తను చేస్తున్నదేమిటో ఆ పిల్లకు పూర్తిగా అర్థమైందని డాక్టర్‌కి నమ్మకం కుదిరితే, తల్లిదండ్రులకు చెప్పకుండా ఇవ్వొచ్చు. 1985లో గిలిక్ కేసులో ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పింది అదే. తెలుగు తల్లిదండ్రులు ఈ మాట విని తట్టుకోలేరు. డాక్టర్లు కూడా ముందు అమ్మకు చెప్పుకోమనే నచ్చజెబుతారు. బలవంతం జరుగుతోందన్న అనుమానం ఉంటే మాత్రం రహస్యం పక్కనపెట్టి పిల్లల రక్షణ విభాగానికి చెప్తారు.

భర్తలకు ఒక మార్గం చెప్తాను. మీ ఆవిడ మాకు ఒక్కసారి, నా రిజల్టులు మా ఆయనకు చెప్పొచ్చు అని చెబితే చాలు. రికార్డులో రాసుకుంటాం. వద్దనుకున్న రోజు ఆవిడ మనసు మార్చుకోవచ్చు కూడా.

అడక్కుండానే చెప్పేవి

కొన్నింటికి పేషెంటు ఒప్పుకోలు అక్కర్లేదు. తట్టు, టీబీ లాంటి అంటువ్యాధి అనుమానం వస్తే డాక్టర్ ప్రజారోగ్య విభాగానికి తెలియజేయాలి. ల్యాబ్ రిజల్టు వచ్చేదాకా ఆగకూడదు. మూర్ఛ వచ్చే మనిషి, వద్దన్నా కారు నడుపుతూనే ఉంటే, లైసెన్సులిచ్చే డీవీఎల్ఏకి చెప్పొచ్చు, ఆ సంగతి ఆ మనిషికీ చెప్పి. తుపాకీ గాయంతోనో, కత్తిపోటుతోనో వస్తే పోలీసులకు కబురు వెళుతుంది. మొదటి కబురులో మామూలుగా పేరు కూడా చెప్పరు. కోర్టు ఆర్డరిస్తే ఇవ్వాల్సిందే. అంతేగానీ, ఒక కానిస్టేబుల్ వచ్చి బల్ల మీద వాలి ఫలానావాడి వివరాలు కావాలంటే ఇచ్చెయ్యం.

ఉద్యోగం ఇచ్చిన కంపెనీ, ఇన్సూరెన్స్ కంపెనీ అడిగితే? మీ సంతకం లేకుండా ఏమీ వెళ్లదు. 1988 నాటి చట్టం ప్రకారం, మీ డాక్టర్ రాసిన రిపోర్టు వాళ్లకు వెళ్లేముందు నేను చూడాలి అని మీరు అడగొచ్చు. చూడటానికి 21 రోజుల గడువుంటుంది. చాలామంది ఫారంలో అలా అడిగే గడి దగ్గర టిక్కు పెట్టకుండా సంతకం చేసేస్తారు.

మన విద్యార్థులకు ఇంకో భయం ఉంది: డాక్టర్ దగ్గర పేరు రాయిస్తే వీసావాళ్లకు తెలుస్తుందేమోనని. ఆ భయం గాల్లోంచి పుట్టింది కాదు. 2017లో హోం శాఖకూ, ఎన్‌హెచ్‌ఎస్ సమాచారం చూసే ఎన్‌హెచ్‌ఎస్ డిజిటల్‌కూ మధ్య ఒక ఒప్పందం అమల్లోకి వచ్చి, గడువు దాటి ఉంటున్నవాళ్లను వెతకడానికి అడ్రసులాంటి వివరాలు ఇచ్చారు. జబ్బు వివరాలు కాదు, ఆచూకీ మాత్రమే. డాక్టర్లూ ఎంపీలూ గట్టిగా పట్టుబట్టాక 2018లో ఆ ఒప్పందం రద్దయింది. జీపీ దగ్గర చేరడానికి వీసా కాగితాలు, అడ్రసు రుజువు తప్పనిసరి కాదు. ఈ మాట తెలియక, దగ్గుతో నెలల తరబడి గదిలో పడుకునే కుర్రాళ్లున్నారు.

ఎవరు చూశారో అదీ రాసుకుంటుంది

నా దగ్గర ఒక స్మార్ట్‌కార్డు ఉంటుంది, దానికో పిన్. అది పెట్టందే పని మొదలవదు. నేను ఏ రికార్డు తెరిచినా, ఏ గీత మార్చినా, ఎప్పుడు ఎవరు అన్నది కంప్యూటర్ రాసుకుంటుంది. ఎంత పట్టుగా రాసుకుంటుందో ఈ దేశం ఒక భయంకరమైన కేసులో చూసింది. మాంచెస్టర్ పక్కన హైడ్‌లో హెరాల్డ్ షిప్‌మన్ అనే జీపీ, తన పేషెంట్లకు తానే మత్తు ఇంజెక్షన్లిచ్చి చంపేవాడు. తర్వాత వాళ్లకు ముందే జబ్బున్నట్టు పాత తేదీలతో రికార్డు మార్చేవాడు. తెర మీద పాత తేదీయే కనిపించేది. లోపల మాత్రం అసలు రాసిన తేదీ, సమయం దాగి ఉన్నాయి. పోలీసులు వాటిని బయటికి తీశారు. 2000 జనవరిలో 15 హత్యలకు అతనికి శిక్ష పడింది.

మాలాంటి చిన్న ఉద్యోగులకూ అదే కాపలా. పక్కింటావిడ ఎందుకొచ్చిందో అన్న కుతూహలంతో రికార్డు తెరిస్తే అది నేరం. అలా తెరిచి ఉద్యోగాలు పోగొట్టుకుని, కోర్టులో జరిమానా కట్టినవాళ్లున్నారు. రెడింగ్ తెలుగువాళ్లలో సగంమంది నాకు ముఖపరిచయం. ఉగాది ఫంక్షన్‌లో పులిహోర వడ్డిస్తూ, "ఏంటొదినా, వాళ్లమ్మాయి మీ దగ్గరికొచ్చిందటగా?" అని కూపీ లాగేవాళ్లకు, "నాకేం తెలుసొదినా" అనడమే నా ఉద్యోగధర్మం.

దొంగలు లోపలివాళ్లే కానక్కర్లేదు. 2017 మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై వైరస్ దాడిలో ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రులతోపాటు 595 జీపీ సర్జరీల కంప్యూటర్లకూ అది సోకింది. అన్నీ ఒకచోట ఉండటంలో ఉన్న సుఖమే ప్రమాదం కూడా.

పేరు తీసేసిన సమాచారం

రికార్డులను వైద్యం కాని పనులకు, అంటే పరిశోధనకూ ప్రణాళికలకూ వాడటం దగ్గరే ఈ దేశంలో ఎక్కువ గొడవలు జరిగాయి. అన్ని సర్జరీల సమాచారాన్ని ఒకచోటికి లాగే కేర్ డేటా పథకానికి 2014లో బ్రేకు పడి, 2016లో మూతపడింది. చెప్పాల్సిన తీరులో జనానికి చెప్పకపోవడమే దాని రోగం. 2021లో అలాంటిదే ఇంకోటి తేబోయి, జనం ఎదురు తిరిగేసరికి వాయిదా వేశారు. ఇప్పుడు వద్దనుకునేవాళ్లకు దారులున్నాయి. 2018లో వచ్చిన నేషనల్ డేటా ఆప్టవుట్‌ని ఫోన్లోని ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లోనే పెట్టుకోవచ్చు. దానివల్ల మీ వైద్యానికి ఏ లోటూ రాదు.

కానీ రెండో వైపు కూడా చూడాలి. కోవిడ్ మొదటి నెలల్లో ఓపెన్‌సేఫ్లీ అనే పద్ధతిలో 1.7 కోట్లమంది రికార్డుల మీద పరిశోధన చేశారు. రికార్డులు ఉన్నచోటే ఉన్నాయి. పరిశోధకులు ప్రశ్న పంపి జవాబు మాత్రం తీసుకున్నారు. వయసు, షుగర్, పేదరికం లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నా, కోవిడ్‌తో చనిపోయే ముప్పు తెల్లవాళ్లకన్నా దక్షిణాసియా వాళ్లకు ఎక్కువని అందులో తేలింది. మనం లెక్కలో లేకపోతే మన ముప్పు ఎవరికీ కనబడదు.

మీ రికార్డు మీరు చూడొచ్చు

మీ రికార్డు కాపీ కావాలని అడిగితే నెల రోజుల్లో ఉచితంగా ఇవ్వాలి. కొత్తగా చేరేవి చాలావరకు యాప్‌లోనే కనిపిస్తాయి. ఒకసారి తెరిచి చదువుకోండి. పడని మందు పేరు తప్పుగా ఉంటే చెప్పండి. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే వాళ్ల చరిత్ర మా దగ్గర సున్నా. థైరోనార్మ్, గ్లైకోమెట్, టెల్మా అంటే ఇక్కడి నర్సుకు తెలియదు. లివోథైరాక్సిన్, మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టన్ అని అసలు పేర్లూ మోతాదులూ ఒక కాగితం మీద రాయించి తీసుకురండి.

మన రాష్ట్రాల్లోనూ ఇలాంటి రోజులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో ఉన్నప్పటి రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్న నిబంధన 2002 నుంచీ ఉంది. అడిగేవాళ్లే తక్కువ. 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలయ్యాక 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబర్లు వచ్చాయి. మీ రిపోర్టులు ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి వెళ్లాలంటే మీ అనుమతి కావాలి. ఎవరు అడుగుతున్నారు, ఏమి అడుగుతున్నారు, ఎప్పటిదాకా అన్నది చూపించి అడగాలన్నది దాని పద్ధతి. 2023లో డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది.

పద్ధతి మంచిదే. కానీ ఆ అనుమతి అడిగేది ఫోన్‌ని. మన ఇళ్లలో అమ్మ పేరున, కోడలి పేరున, అత్తగారి పేరున రాయించే నంబరు ఎవరిది? చాలాచోట్ల మగవాళ్లదే. ల్యాబ్ రిపోర్టు వాట్సాప్‌లో వెళ్లేదీ, ఓటీపీ వచ్చేదీ ఆ ఫోన్‌కే. చట్టం ఆవిణ్ని అడిగాననుకుంటుంది, జవాబిచ్చేది ఆయన. అందుకని ఈసారి ల్యాబ్ కౌంటర్లో ఫోన్ నంబర్ అడిగినప్పుడు, రక్తం ఎవరిదో వాళ్ల నంబరే రాయించండి.